కీబోర్డులోనే కంప్యూటర్: మా ఆఫీసుకు కొనమంటారా?

ఆఫీసు బల్ల – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్, నేను ఏలూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పదకొండేళ్లుగా అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. మొత్తం ఆరు సిస్టమ్‌లు ఉన్నాయి. అన్నీ పాతవే, వాటిలో విండోస్ 11 ఎక్కదని చెప్పారు. మా సార్ ఈ మధ్య ఒక వీడియో చూశారు. కంప్యూటర్ మొత్తం కీబోర్డులోనే ఇమిడిపోయిన మోడల్ వచ్చిందట. బల్లల కింద ఉన్న డబ్బాలన్నీ తీసేసి అవే కొందామంటున్నారు. "సాయంత్రం ఇంటికి కూడా పట్టుకెళ్లొచ్చు" అని కూడా అన్నారు. నాకు అదే టెన్షన్‌గా ఉంది. ఇవి మాలాంటి ఆఫీసుకు నిజంగా పనికొస్తాయా? సార్‌కు ఏమని చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, మీ ఆరు బల్లల్లో ఐదింటికి వద్దనే చెప్తాను. ఆరో బల్ల మీ సార్‌ది. ఆయనకు పనికి రావచ్చు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

మీ సార్ చూసింది బహుశా హెచ్‌పీ వాళ్ల ఎలీట్‌బోర్డ్ అయి ఉంటుంది. 2026 జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో దాన్ని చూపించారు. మందం 12 మిల్లీమీటర్లు, బరువు కిలోలోపే. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్, మెమరీ, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ, స్పీకర్లు అన్నీ ఆ పలకలోనే ఉంటాయి. కొన్ని మోడళ్లలో చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. తగిన మానిటర్ ఉంటే ఒక్క టైప్-సి వైరు కలిపితే చాలు. విండోస్ 11 నడిచే పూర్తి స్థాయి ఆఫీసు కంప్యూటర్ అది. చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకూ వేసింది.

నేను జీవితంలో మొట్టమొదట చూసిన కంప్యూటర్ కూడా అలాంటిదే. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టి, ఎంపిక చేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. మా బడికీ వచ్చాయి. నేనప్పుడు తొమ్మిదో తరగతి. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాం. బల్ల మీద టీవీ లాంటిదొకటి, దాని ముందు లావుపాటి కీబోర్డు, పైవరసలో ఎర్రటి మీటలు. "కంప్యూటర్ ఏది సార్?" అని నేను టీవీ వైపు చూపిస్తే, మా లెక్కల మాస్టారు కీబోర్డు మీద చెయ్యి వేసి "ఇదమ్మా" అన్నారు. అందులో ఉన్న మెమరీ 32 కేబీ. ఆ రోజుల్లో విదేశాల్లో కమొడోర్ 64, స్పెక్ట్రమ్ కూడా ఇలాగే ఉండేవి. ఇంట్లో టీవీ ఎలాగూ ఉంటుంది కాబట్టి మిగతాదంతా ఒకే డబ్బాలో పెట్టి చవగ్గా అమ్మేవాళ్లు. ఆఫీసుల్లో మాత్రం 1981లో వచ్చిన ఐబీఎం పీసీ పద్ధతే నిలబడింది. డబ్బా వేరు, తెర వేరు, కీబోర్డు వేరు. నలభై ఏళ్లు దాటినా మన బల్లల మీద అదే ఉందంటే దానికి కారణం ఉంది. ఆ కారణం నా నోట్‌బుక్‌లో దొరుకుతుంది.

నేను టైపు హయ్యర్ పాసై, గుంటూరులో ఒక సంస్థలో టైపిస్టుగా చేరాను. తర్వాత కంప్యూటర్లు వచ్చాక వాటి బాధ్యత నాకే అప్పజెప్పారు. పదిహేనేళ్లపాటు 14 సిస్టమ్‌లు చూసుకున్నాను. ఏది పాడైనా తేదీ వేసి లాంగ్ నోట్‌బుక్‌లో రాసేదాన్ని. మీ ఉత్తరం చదివాక ఆ పుస్తకం తీసి లెక్కపెట్టాను. ఆ పదిహేనేళ్లలో మార్చిన మదర్‌బోర్డులు 9. మార్చిన కీబోర్డులు 61.

ఎందుకన్ని? టీ ఒలికినవి 17. మిగతావాటికి రకరకాల కారణాలు రాసుకున్నాను: ఎంటర్ మీట నొక్కుకుపోయింది, సున్నా పడటం లేదు, స్టేప్లర్ పిన్ను లోపల ఇరుక్కుంది, జంతికల పొడికి చీమలు పట్టాయి. ఆఫీసులో మనిషి చెయ్యి రోజంతా తగిలేది కీబోర్డుకే. అన్నం తిన్న చెయ్యి, చెమట పట్టిన చెయ్యి, జీఎస్టీ గడువు ముగిసే ఇరవయ్యో తేదీ సాయంత్రం కోపంగా ఉన్న చెయ్యి, అన్నీ దాని మీదే పడతాయి. ఆఫీసు బల్ల మీద అన్నిటికంటే ముందు అరిగిపోయేది అది. అన్నిటికంటే చవకైనదీ అదే, ఐదారు వందలకు దొరుకుతుంది. ఖరీదైన వస్తువునంతా తీసుకెళ్లి, అన్నిటికంటే ముందు పాడయ్యే దాని కడుపులో పెట్టడం ఈ కొత్త మోడల్‌లో నాకున్న పెద్ద అభ్యంతరం.

ఒక రోజు సంగతి చెప్తాను. మార్చి 30, సాయంత్రం నాలుగున్నర. క్యాష్ సెక్షన్‌లో ఫ్యాన్ గాలికి వోచర్లు ఎగురుతుంటే పట్టుకోబోయి, మా సహోద్యోగిని గ్లాసెడు టీ కీబోర్డు మీద ఒలకబోసింది. ఆ అమ్మాయి మొహం తెల్లబోయింది. నేను బీరువాలోంచి కొత్త కీబోర్డు తీసి తగిలించాను. ఐదు నిమిషాల్లో మళ్లీ పని మొదలైంది. అప్పటిదాకా ఎక్కించిన వోచర్లలో ఒక్కటీ పోలేదు. తర్వాతి ఏడాది మా మేనేజర్ గారి లాప్‌టాప్ మీద కాఫీ పడింది. బోర్డు పోయింది. సర్వీసు సెంటర్ వాళ్లు 19 రోజులు పెట్టుకున్నారు. జీతాల స్టేట్‌మెంట్ అందులోనే ఉండిపోయింది, కాపీ ఎక్కడా లేదు. ఆ నెల మాకు జీతాలు ఎనిమిదో తేదీన పడ్డాయి. పడినవి రెండూ ఒకటే, వేడి పానీయం. తేడా అంతా దాని కింద ఏముందన్న దాంట్లోనే ఉంది. కొత్త కీబోర్డు కంప్యూటర్‌ను కంపెనీవాళ్లు ఎంత గట్టిగా చేసినా, మీ ఆఫీసులో పందొమ్మిదో తేదీన అది మొరాయిస్తే జీఎస్టీ 3బీ రిటర్న్‌లు ఎవరు వేస్తారు?

ఇక మీ పనికి సంబంధించి ఇంకొన్ని చూడాలి. అకౌంటెంట్లు కీబోర్డును ఊరికే ఒకచోట ఉంచరు. వోచర్ల ఫైలు విప్పాలంటే కీబోర్డును పైకి తోస్తారు, లేదా నిలబెట్టి మానిటర్‌కు ఆనిస్తారు. మీరూ అదే చేస్తుంటారని నాకు తెలుసు. దానికి మానిటర్ వైరు, కరెంటు వైరు, డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్, పెన్ డ్రైవ్ అన్నీ వేలాడుతుంటే తోసిన ప్రతిసారీ అన్నీ కదులుతాయి. రిటర్న్ మీద సంతకం పెట్టేటప్పుడు డాంగిల్ కదిలిందంటే మళ్లీ మొదటికొస్తుంది. మీ అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ గోల్డ్ అయితే, అంటే డేటా ఒక సిస్టమ్‌లో ఉండి మిగతా ఐదూ దాన్ని వాడుకుంటుంటే, వైఫై కంటే ల్యాన్ వైరే నమ్మకం. అంటే ఇంకో వైరు, దానికి ఇంకో అడాప్టర్.

కరెంటు సంగతి చాలామందికి తట్టదు. బ్యాటరీ ఉన్న కీబోర్డు కంప్యూటర్ కరెంటు పోయినా ఆగదు, అది నిజమే. మానిటర్ ఆరిపోతుంది కదా. కంప్యూటర్ బతికే ఉంటుంది, మీకు ఏమీ కనపడదు. చీకట్లో సేవ్ చేసుకోవడానికి కంట్రోల్ నొక్కాలో, ఆల్ట్ నొక్కాలో తడుముకోవాలి. కాబట్టి యూపీఎస్‌లు ఎలాగూ తీసేయలేరు.

దీనిలో మంచి లేదని నేను అనను. లాప్‌టాప్ మీద రోజంతా పనిచేసేవాళ్లకు మెడ వంగిపోతుంది, ఎందుకంటే తెరా మీటలూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కీబోర్డు కంప్యూటర్‌కు తెర వేరు కాబట్టి కళ్ల ఎత్తులో పెట్టుకోవచ్చు. మీ దగ్గర ఇప్పటికే మానిటర్లు విడిగా ఉన్నాయి, ఆ మేలు మీకు ముందే ఉంది.

మరి పాత సిస్టమ్‌లు మార్చాలి కదా అంటారు. మార్చాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఖాతాదారుల పాన్‌లు, ఆధార్‌లు, బ్యాంకు వివరాలు ఉన్న ఆఫీసులో దాన్ని సాగదీయకూడదు. మీ సార్‌కు ఇష్టంలేనిది బల్ల కింద డబ్బా కదా? దానికి మినీ పీసీలు ఉన్నాయి. అరచేతికంటే కాస్త పెద్దగా, పాత టిఫిన్ డబ్బా అంత ఉంటాయి. మానిటర్ వెనక నాలుగు స్క్రూ రంధ్రాలు ఉంటాయి చూడండి, 75 లేదా 100 మిల్లీమీటర్ల దూరంలో. బిగించే బ్రాకెట్ అడిగి తీసుకుంటే అక్కడే దాక్కుంటుంది. కాళ్లకు అడ్డం ఉండదు, ఊడ్చే ఆవిడకు తిప్పలుండవు, టీ గ్లాసుకు అందదు. మీ మానిటర్లు, యూపీఎస్‌లు అవే పనికొస్తాయి. మిగిలిన డబ్బులో అందరికీ నంబర్ ప్యాడ్ ఉన్న మంచి కీబోర్డులు కొనమనండి, బీరువాలో రెండు స్పేర్ పెట్టమనండి.

"ఇంటికి పట్టుకెళ్లొచ్చు" అన్న మాట దగ్గర మీరు టెన్షన్ అని రాశారు. ఆ మాట నేను రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో మానిటర్ ఉందా? లేకపోతే ఆ కీబోర్డు బ్యాగులో మోసుకెళ్లినా ఉపయోగం లేదు. టీవీకి కలపాలంటే ఇంట్లో మిగతావాళ్లు టీవీ కట్టేయాలి. ఇంటి దగ్గర పని చేయించాలనుకుంటే మానిటర్, బల్ల, కుర్చీ ఆఫీసే ఇవ్వాలి, ఆ గంటలకు లెక్క ఉండాలి. ఇది మీరు మర్యాదగా, గట్టిగా అడగవలసిన విషయం. యంత్రం చిన్నదైనంత మాత్రాన పనిగంటలు పెరగనక్కర్లేదు. ఖాతాదారుల డేటా బస్సులో తిరగడం మీ సార్‌కూ మంచిది కాదు.

ఆరో బల్ల సంగతి. మీ సార్‌కు ఇంట్లో ఒక మానిటర్, ఆఫీసులో ఒక మానిటర్ ఉండి, రోజూ రెండుచోట్లా కూర్చుంటే ఆయనకు ఇది బాగా కుదురుతుంది. రెండూ టైప్-సి నుంచి కరెంటు ఇచ్చే మానిటర్లైతే ఇంకా సుఖం, ఛార్జర్ కూడా మోయక్కర్లేదు. డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ మాత్రం తప్పక ఆన్ చేయించండి, రికవరీ కీ కాగితం మీద రాయించి బీరువాలో పెట్టించండి. ఈ జవాబు ఆయనకు చూపించినా నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: మేడమ్, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వారంలో మూడు రోజులు అమీర్‌పేట నుంచి రాయదుర్గానికి మెట్రోలో వెళ్తాను. ఇంట్లో, ఆఫీసులో రెండుచోట్లా మానిటర్ ఉంది. లాప్‌టాప్ మూత తెరిచి నెలలైంది. నాలాంటివాడికి కీబోర్డు కంప్యూటర్ మంచిదేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బాబూ, ఇది తయారు చేసిందే మీలాంటివాళ్ల కోసం. తెరవని మూతను రోజూ మోయడంలో అర్థం లేదు. బరువు చాలా తగ్గుతుంది, మెట్రోలో నిలబడి వెళ్లే భుజానికి ఆ తేడా తెలుస్తుంది. చేతికి అలవాటైన మీటలే రెండుచోట్లా ఉంటాయి. టైపిస్టుగా చెప్తున్నాను, అది చిన్న సుఖం కాదు.

అయితే ఒక వారం పాటు ఒక కాగితం దగ్గర పెట్టుకోండి. మీ బల్ల దగ్గర కాకుండా వేరేచోట లాప్‌టాప్ తెరిచిన ప్రతిసారీ ఒక గీత గీయండి. మీటింగ్ రూమ్, క్యాంటీన్, రాత్రి మంచం మీద చూసిన అలర్ట్. ఐదు గీతల కంటే ఎక్కువ వస్తే లాప్‌టాప్‌నే ఉంచుకోండి. సంక్రాంతికి ఊరు వెళ్లి అక్కణ్నుంచి రెండు రోజులు పనిచేసే అలవాటుంటే దాన్నీ లెక్కలో వేయండి. లాప్‌టాప్ అయితే అమ్మమ్మగారింటి అరుగు మీద కూర్చుని కూడా పని అవుతుంది. కీబోర్డు అయితే ముందు తెర వెతుక్కోవాలి. కెమెరా కూడా మానిటర్‌కు ఉండాలి, లేదా విడిగా కొనాలి.

ప్రశ్న: తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు టైపు చేస్తాం. రాస్ప్‌బెర్రీ పై అనే కంపెనీ వాళ్ల కీబోర్డు కంప్యూటర్ చాలా చవక అని మా అబ్బాయి చెప్పాడు. రెండు కొందామా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అన్నా, డీటీపీకి వద్దు. మీ అబ్బాయి చెప్పింది నిజమే, చవకే. 2020 నవంబర్‌లో 'పై 400' అనే మోడల్ వచ్చినప్పుడు 70 డాలర్లు. 2024 డిసెంబర్‌లో 8 జీబీ మెమరీతో 'పై 500' వచ్చినప్పుడు 90 డాలర్లు. అయితే వాటి ప్రాసెసర్ ఫోన్లలో ఉండే ఏఆర్ఎమ్ రకం, వాటిలో నడిచేది విండోస్ కాదు, లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్. మీకు అన్నం పెట్టే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ విండోస్ కోసం చేసినవి. ఇన్నేళ్లుగా దాచుకున్న శుభలేఖల ఫైళ్లన్నీ వాటిలోనే ఉంటాయి కదా, అవి అక్కడ తెరుచుకోవు. యూనికోడ్‌లో ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిన తెలుగు టైపు చేసేవాళ్లకు మాత్రం లినక్స్‌లో ఏ ఇబ్బందీ లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. 'పై 400', 'పై 500' రెండింటిలోనూ ఫైళ్లన్నీ మెమరీ కార్డు మీద ఉంటాయి. పని మధ్యలో కరెంటు పోతే కార్డు చెడిపోయే ప్రమాదం ఉంది. వాటికి నంబర్ ప్యాడ్ లేదు, హెడ్‌ఫోన్ పిన్ను పెట్టే చోటూ లేదు. మానిటర్ వైరు కూడా మైక్రో హెచ్‌డీఎంఐ, మీ దగ్గరున్నది పట్టదు. మీ అబ్బాయి చదువుకునే వయసువాడైతే ఒకటి వాడికి కొనివ్వండి. ప్రోగ్రాములు రాయడం, లినక్స్ అలవాటు చేసుకోవడం దాని మీద చక్కగా నేర్చుకుంటాడు. నేను బీబీసీ మైక్రో ముందు కూర్చున్నప్పుడు పొందిన సంతోషం వాడికీ దొరుకుతుంది.

ప్రశ్న: లాప్‌టాప్ మీద గానీ, ఇలాంటి కీబోర్డు మీద గానీ టీ ఒలికితే వెంటనే ఏం చేయాలి? బియ్యం డబ్బాలో పెట్టమంటున్నారు.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: బియ్యం వద్దమ్మా. బియ్యప్పొడి లోపలికి పోతుంది తప్ప తడి బయటికి రాదు. ముందు ప్లగ్గు దగ్గర స్విచ్ కట్టేయండి, తర్వాత వైరు పీకండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని పూర్తిగా ఆపండి. ఫైలు సేవ్ చేద్దామని ఒక్క నిమిషం కూడా ఆగకండి. బ్యాటరీ ఊడేదైతే ఊడదీయండి. మీటలు నేల వైపు ఉండేలా బోర్లించి, కింద పాత తువ్వాలు పరిచి, రెండు పక్కలా పుస్తకాలు ఆనించి గాలి తగిలేలా ఉంచండి. ఊపకండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి.

మంచినీళ్లయితే రెండు రోజులు ఆరనిచ్చి చూడొచ్చు. టీ, కాఫీ, కూల్‌డ్రింక్ అయితే ఆరిపోయినట్టు కనిపించినా ఆన్ చేయకండి. చక్కెర పాకంలా బోర్డుకు అంటుకుని మెల్లగా తినేస్తుంది. విప్పి శుభ్రం చేసే మెకానిక్ దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లండి. ఏం ఒలికిందో, ఎంత ఒలికిందో దాచకుండా చెప్పండి, చక్కెర వేసిన టీనా కాదా అన్నది కూడా. లోపల ముఖ్యమైన ఫైళ్లు ఉంటే, రిపేరు సంగతి తర్వాత, ముందు డేటా కాపీ తీయమని రసీదు మీద రాయించుకోండి.